సున్నం వేయని చోటు

నా చిన్నప్పుడు నాకు అమ్మంటే మా మేనత్తే. నేను పుట్టిన కొద్ది రోజులకే కన్నతల్లి జబ్బుపడి దవాఖానల చుట్టూ తిరగవలసి వచ్చింది. కోదాడలో రైస్‌మిల్లులో పనిచేసే నాన్న నన్ను పసిగుడ్డుగానే తెచ్చి నిడమనూరులో తన అక్క చేతుల్లో పెట్టాడు. మేనత్తకు పిల్లల్లేరు. నేను ఆమెను అమ్మా అని పిలిచేదాన్ని. వద్దని ఆమె ఎన్నడూ అనలేదు.

ఆ ఇంటి గుమ్మం పైన కందిరీగలు మట్టిగూళ్లు కట్టేవి. కందిరీగ గూడు పెట్టిన ఇంట్లో బిడ్డ పుడుతుందని మా వైపు పెద్దవాళ్ల నమ్మకం. అందుకే గోడలకు సున్నం వేసినప్పుడల్లా మేనత్త కుంచెను ఆ గూళ్ల చుట్టూ తిప్పి వదిలేసేది. తెల్లటి గోడ మీద అక్కడక్కడా మట్టి మచ్చలు మిగిలిపోయేవి. చూసినవాళ్లు నవ్వినా పట్టించుకునేది కాదు. ఎన్ని గూళ్లు పెట్టినా ఆమె కడుపు మాత్రం పండలేదు.

నన్ను బడిలో వేసే ఈడు వచ్చింది. కన్నతల్లికి నయమైందనీ, నన్ను తీసుకుపోవడానికి వస్తున్నాననీ నాన్న కబురు పంపాడు. ఆయన వచ్చే రోజు పొద్దున మేనత్త నన్ను గడప మీద కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. చిక్కు లేని చోట కూడా మళ్లీ మళ్లీ దువ్వుతోంది. అంతలో ఒక కందిరీగ సాలీడును ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ సాలీడు కాళ్లన్నీ కొరికేసి ఉన్నాయి. వెనకాలే సన్నగా, పొడుగు కాళ్లతో ఇంకో రకం కందిరీగ. మొదటిది సాలీడును గోడ మొదట్లో వదిలి గూడు చూసుకోవడానికి పైకి పోగానే, సన్నది వచ్చి సాలీడు మీద వాలి, తోక ఆనించి పక్కకు తప్పుకుంది. మొదటిది దిగివచ్చి, ఏమీ ఎరగక, సాలీడును గూట్లోకి లాక్కుపోయింది.

సన్నది ఆ సాలీడు మీద తన గుడ్డు పెట్టిందని మేనత్త చెప్పింది. లోపల ఇక గూడు కట్టినదాని పిల్ల బతకదట, దొంగదాని పిల్లే సాలీడును తిని పెరుగుతుందట. అంతకుముందు ఒక గూట్లోంచి ఆ సన్న రకమే బయటికి రావడం ఆమె కళ్లారా చూసిందట. నాకు ఒళ్లు మండి చీపురు అందుకున్నాను. మేనత్త నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు బిడ్డా. దానికి మన్ను మోసుడు, గూడు కట్టుడు చాతకాదు. అట్లని దానికి పిల్లలుండొద్దా?"

"మరి గూడు కట్టినదో?"

"దానికి తెల్వదు. తన పిల్లే అనుకొని మూత పెట్టుకుంటది." దువ్వెన మళ్లీ నా తలలో పెడుతూ అంది. "తెలిస్తే మాత్రం ఏం చేస్తది? ఒట్టి గూడు కన్న నయం కదా."

మధ్యాహ్నం నాన్న వచ్చాడు. నేను ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని వదల్లేదు. మేనత్త నా వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. "ఇగ ఆడ ఉన్న అమ్మనే అమ్మా అని పిలవాలె. నన్ను అత్తమ్మా అను. ఏదీ, ఒక్కసారి అను" అంది. ఏడుస్తూనే అన్నాను. ఆమె తలూపి లోపలికి వెళ్లింది, బస్సు దాకా రాలేదు.

ఏళ్ల తర్వాత, మేనత్త చివరి రోజుల్లో, ఆమెను మిర్యాలగూడ దవాఖానలో చేర్పించి నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఒకరోజు నర్సు నన్ను చూపించి, "నీ బిడ్డనా అమ్మా?" అని అడిగింది. ఒక్కసారి అబద్ధమాడితే ఎంత బాగుండు అనుకుంటూ ఆమె నోటివైపే చూశాను.

"కాదు. మా తమ్ముని బిడ్డ" అంది.

మొన్న మా ఇంటికి రంగులు వేస్తున్న అబ్బాయి కిటికీ మీది మట్టిగూడు గీకబోతే వద్దన్నాను. చుట్టూ వేసి దాన్ని వదిలేయమన్నాను. అతను పోయాక ఆ మచ్చ దగ్గర నిలబడి, ఎవరూ వినకుండా, అమ్మా అన్నాను.