రేచల్ చావకూడదు

ఇంగ్లండులో మిల్లులున్న రాచ్‌డేల్ ఊళ్లో మా పక్కింటి కెజయా ఎంట్విసిల్ వారపత్రికకు సీరియల్ రాసేది. అచ్చులో మాత్రం మగవాడి పేరుండేది. శనివారం మిల్లు తొందరగా వదిలాక వీధి ఆడవాళ్లు ఆమె వంటింట్లో చేరితే, కొత్త భాగం తనే చదివి వినిపించేది. నేను అద్దకం మిల్లులో రసాయనాలు కలిపేవాణ్ణి. పళ్లొస్తూ జ్వరపడ్డ మా పసిపాప ఆనిస్‌ను ఒళ్లో వేసుకుని, మాటిమాటికీ దాని నుదురు తాకి చూస్తూ ఓ మూల కూర్చునేవాణ్ణి.

ఆ ఏడాది కథ రేచల్ అనే పిల్లది. పెళ్లి కాకుండానే కడుపుతో ఇల్లు వదిలిన పిల్ల.

"ఎప్పుడు చంపుతున్నావమ్మా దాన్ని?" టీలో రొట్టె ముంచుకుంటూ అడిగింది మిసెస్ క్లెగ్.

"ఎందుకు చంపాలి?"

"బాగుంది! అలాంటివి సుఖంగా బతికితే మా ఆడపిల్లలకేం చెప్పుకోవాలి? కాలవలో పడెయ్. ముందు మమ్మల్ని కాస్త ఏడిపించు, ఊరికే వింటున్నామా, పత్రిక కొంటున్నాం!"

అందరూ నవ్వారు. కెజయా నవ్వలేదు. సంపాదకుడూ చావే కోరాడు. కుటుంబాల్లో చదివే కథలో తప్పు చేసిన ఆడది చివరికి బతక్కూడదు. అంతకుముందు కథల్లో కెజయా కూడా అలాగే చంపింది.

వాళ్లంతా వెళ్లాక అన్నాను: "రాసిచ్చేస్తే పోలేదా, మిస్ కెజయా? కథేగా."

"మా డోర్కస్ చదువుతుంది, జేబెజ్."

డోర్కస్ ఆమె చెల్లెలు. కడుపుతో ఉందని తెలిసి తండ్రి ఇంట్లోంచి గెంటేశాడు. తర్వాత ఆయన చనిపోయాడు. ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"ఆ పత్రికంటే దానికి ప్రాణం. ఎవరి పేరు పెట్టినా నా రాత పోల్చుకుంటుంది. ఇన్ని కథలు చదివి, అక్క నన్ను చావమంటోందనుకోదూ?"

నేను ఆనిస్‌ను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాను.

రేచల్ ఇల్లు చేరినట్టే రాసి పంపింది కెజయా. పత్రికవాళ్లు ఇంకెవరి చేతో రాయించి, రేచల్‌ను కాలవలో ముంచి, కెజయా వాడే పేరుతోనే అచ్చేశారు.

"ఎంత బాగా చంపావమ్మా!" అని మిసెస్ క్లెగ్ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. కెజయా పత్రిక చేతిలోకి తీసుకుని చదివింది.

ఆ తర్వాత ఆమె ఆ పత్రికకు రాయలేదు. తను రాసిన ముగింపు పట్టుకుని, సొంత పేరు చెప్పుకుని, మిల్లులున్న ఊళ్లన్నీ తిరిగి చదవడం మొదలుపెట్టింది.

"ఆడదానివి, పదిమందిలో వేదికెక్కుతావా?" అంది మిసెస్ క్లెగ్.

"ఎక్కితేనేగా కనబడతాను," అంది కెజయా.

ఓల్డమ్‌కు నేను తోడు వెళ్లాను. కార్మికుల పఠనమందిరం నిండిపోయింది. కెజయా తన ముగింపు చదువుతోంది. రేచల్ గుమ్మం బయట నిలబడింది, తలుపు తట్టడానికి చెయ్యి రావడం లేదు. లోపలినుంచి అక్కే తలుపు తీసి అంది: "తడిసిపోయావే! రా, పొయ్యి దగ్గర కూర్చో."

అక్కడ కెజయా ఆగి తలెత్తింది. వెనక వరసలో శాలువా కప్పుకున్న ఒకామె లేచింది. కెజయా వేదిక అంచుదాకా వచ్చింది. లేచినామె డోర్కస్ కాదు; దగ్గుతున్న బిడ్డను ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది.

కెజయా ఆపిన చోటు వేలితో వెతుక్కుని మిగతాది చదివింది.

తిరుగు రైల్లో కాగితాలు సర్దుకుని సంచిలో పెట్టుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"వచ్చే శనివారం బరీ వెళ్దాం. అక్కడ నేత మగ్గాలు ఎక్కువ. డోర్కస్‌కు నేత వచ్చు."