మగ్గం ముందు బల్ల

మా ముత్తాతగారు నేయించిన తివాచీ మీద అడుగు పెట్టే ముందు కలెక్టరు దొర కూడా బూట్లు విప్పేవాడని ఏలూరులో మా వీధివాళ్ళు చెప్పుకునేవారు. మా దాదా, అంటే నాన్నగారి నాన్నగారు, పన్నెండు మగ్గాల కార్ఖానా నడిపారు. ఆయన గీసిన నక్షాలతో నేసిన తివాచీలు ఓడలెక్కి వెళ్ళాయి. మా అబ్బా, అంటే నాన్నగారి హయాంలో మగ్గాలు ఆరయ్యాయి, నా చేతికి వచ్చేసరికి మూడు మిగిలాయి. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

మొన్న తాడేపల్లిగూడెంలో మా బావమరిది ఇంట పెళ్ళికి వెళ్ళినప్పుడు, వేదిక మీద పరిచిన తివాచీ మూలను నా చెయ్యి దానంతట అదే తిరగేసింది. మా ఇంటి అలవాటది. వెనక ముడులు చూడనిదే మేము దేన్నీ తివాచీ అనం. అక్కడ ముడుల్లేవు, జిగురు పూసిన గుడ్డ ఉంది. బావమరిది అది చూసి, "బావగారూ, అది అద్దె సామానండీ, దాని పుట్టుపూర్వోత్తరాలు మీకెందుకండీ, వచ్చి భోంచెయ్యండి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ తిరుగు రైలు భీమడోలు దాటుతుండగా, కిటికీలోంచి నీళ్ళు పెట్టిన చేలు కనబడుతుంటే, ఒకచోట కూర్చోలేక పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను. ఆ తిరుగుడు నాకు పాతదే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక కొండ మీద, ఒక శీతాకాలమంతా దానితో కాపురం చేశాను.

అప్పటికి మా కార్ఖానా మూతపడి కొంతకాలమైంది. పనివాళ్ళు దుకాణాల్లోకి, ఆటోల మీదికి వెళ్ళిపోయారు. ఇంకొకరి దుకాణంలో జీతానికి నిలబడడం మా రక్తంలో లేదు కాబట్టి నేను ఎక్కడికీ వెళ్ళలేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలవ గట్టు మీద నడిచి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేవాణ్ణి. అలాంటప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థవారు కబురు పెట్టారు. ఆఫ్రికా ఖండం అడుగున లెసోతో అనే చిన్న కొండల దేశం ఉందని, అక్కడి ఆడవాళ్ళకు గొర్రెల ఊలు ఉంది గానీ ముడి తివాచీ పని తెలియదని, వచ్చి నేర్పే పెద్దమనిషి కావాలని అన్నారు. జీతం లేదు, తిండీ బసా వాళ్ళవి. కూలి కాదు, సేవ. ఆ ఒక్క మాటతో నేను తలెత్తుకుని బయలుదేరాను. మా ఆవిడ మాత్రం పెట్టె సర్దుతూ, "ఏవండీ, అక్కడ మీతో మాట్లాడేవాళ్ళెవరండీ? ఇక్కడే ఎవరైనా ముందు పలకరిస్తే గానీ మీరు నోరు విప్పరు కదా" అంది. పనికి వెళుతున్నాను, కబుర్లకు కాదన్నాను.

ఆ ఊళ్ళో అన్నీ గుండ్రటి రాతి ఇళ్ళు, గడ్డి కప్పులు. మనకు తొలకరి పడే వేళకు అక్కడ మంచు పడేది. ఎక్కడ చూసినా కొండ, దాని వెనక మరో కొండ. పొలిమేర దాకా నీళ్ళు పరుచుకున్న కొల్లేటి సీమలో పెరిగిన కళ్ళకు ఆనేందుకు చోటుండేది కాదు. ఆడవాళ్ళు మర్యాదస్తులు. నన్ను "ఎన్‌టాటే" అనేవారు, అంటే నాన్నగారూ అని. మన "అండీ" లాగే ప్రతి మాట చివరా అది వచ్చేది. పొద్దున్నే "ఎన్‌టాటే" అని వచ్చేవారు, సాయంత్రం "ఎన్‌టాటే" అని వెళ్ళిపోయేవారు. ఆ తరవాత మర్నాటి దాకా నాకు మనిషి గొంతు లేదు. ఉపవాసాల నెలలో, మా వీధిలో ఇఫ్తారు వేళకు పక్కింటి పళ్ళేలు అటూ ఇటూ తిరిగే దృశ్యం తలుచుకుంటూ, ఒక్కణ్ణే గుమ్మంలో కూర్చుని ఖర్జూరం నోట్లో వేసుకునేవాణ్ణి. అది నమిలేలోగానే లేచి నడవడం మొదలుపెట్టేవాణ్ణి. వాకిట్లో నా నడక వల్ల గడ్డి చచ్చి దారి పడింది.

మా పని తీరు ఇక్కడ కొంచెం చెప్పాలి. మగ్గం ముందు పొడుగాటి బల్ల ఉంటుంది, ముడులు వేసేవాళ్ళు దాని మీద పక్కపక్కన కూర్చుంటారు. గళ్ళ కాగితం మీద రంగులద్దిన నక్షా పట్టుకుని ఒకరు వాళ్ళ వెనక నిలబడి, ఏ ముడికి ఏ రంగో పైకి చదువుతారు. మా ఇంట్లో చదివేది మగవాళ్ళు. మా వంశంలో ఎవరూ బల్ల మీద కూర్చోలేదు. ముడి వెయ్యడం నాకు వచ్చు, కానీ అదీ నిలబడే నేర్చుకున్నాను. నా చిన్నప్పుడు నక్షా చదువుతూ నేను కాస్త వంగితే అబ్బా వెనక నుంచి చూపుడువేలితో వెన్ను మీద పొడిచేవారు. కొండ మీద కూడా నేను అలాగే నిటారుగా నిలబడి, రంగుల పేర్లు ఇంగ్లీషులో చదివాను. నలుగురు ఆడవాళ్ళు మగ్గం వైపు తిరిగి, భుజాలు రాసుకుంటూ, నాకు తెలియని భాషలో ఒకటే నవ్వులు. నాకు కనబడేవి నాలుగు వీపులు. ఊరంతా నాకు అలాగే కనబడేది, వెనక నుంచి.

ఇక లాభం లేదనుకున్నాను. నెలకొకసారి పట్నం నుంచి రంగులు తెచ్చే జీపు ఉండేది. ఈసారి అది వచ్చినప్పుడు దానిలోనే వెళ్ళిపోదామని పెట్టె సర్దేశాను. మధ్యలో వచ్చేశాడని మా వీధివాళ్ళు నాలుగు రోజులు అనుకుంటారు, అనుకోనీ అనిపించింది. మనిషి పక్కన మనిషి లేకుండా ఇంకో శీతాకాలం గడపడం నా వల్ల కాదు.

జీపు వచ్చే రోజు పొద్దున ఆ నలుగురిలో ఒకామె రాలేదు, పుట్టింట్లో ఎవరో పోయారట. ముడి తివాచీలో వరస ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండితే గానీ ముడుల్ని బిగించే అడ్డదారం పోయడానికి వీల్లేదు. బల్ల మీద ఒక చోటు ఖాళీ అయితే అందరి పనీ ఆగుతుంది. ముగ్గురూ తమ వంతు ముడులు వేసేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో పెద్దావిడ వెనక్కి తిరిగి, ఖాళీ చోటును అరచేత్తో తట్టి ఏదో అంది. పక్కనే ఉన్న ఆవిడ కోడలికి ఇంగ్లీషు వచ్చు, కూర్చోమంటోందని చెప్పింది. మా ఇంట్లో చదివేవాళ్ళు కూర్చోరని, అది మా పద్ధతి అని వివరించాను. ముసలావిడ శ్రద్ధగా విని, తల ఊపి, ఒక మాట అంది. కోడలు చెప్పడానికి సందేహిస్తుంటే మోచేత్తో పొడిచి మరీ చెప్పించింది.

"ఎన్‌టాటే, మా ఊళ్ళో వెనకాల నిలబడి కేకలేసేవాడు పశువుల కాపరి ఒక్కడేనట. మేము మీకు ఆవుల్లా కనబడుతున్నామా అని అడుగుతోంది."

ముగ్గురూ విరగబడి నవ్వారు. నాకు కోపం రావాల్సింది. ఎందుకో రాలేదు. నక్షా మడిచి కింద పెట్టి, ఆ ఖాళీలో కూర్చున్నాను. అటు ముసలావిడ భుజం, ఇటు మూడో ఆమె మోచెయ్యి. నెలల తరబడి నన్ను ఏ మనిషీ ఒరుసుకోలేదని ఆ క్షణంలో గానీ తెలియలేదు. ఆ వరస నింపాక, కాగితం చేతిలో లేదు గనక, అది పని నేర్చుకునే తివాచీయే కదా అని, కంఠతా వచ్చిన దాదా నక్షా ఒకటి ఎత్తుకున్నాను. దాదా మండవల్లి వైపు చుట్టాలింటికి వెళ్ళినప్పుడు కొల్లేట్లో చూసి గీసింది, నీలం నేల మీద తెల్లటి గూడబాతులు. "నీలం, నీలం, తెలుపు ఒకటి, మళ్ళీ నీలం" అని దారం చూపిస్తూ తెలుగులోనే చదివాను. మధ్యాహ్నానికి ముసలావిడ నాకంటే ముందే "నీలం" అనేస్తోంది. పక్షి ముక్కు కింద ఆ సంచీ ఏమిటని అడిగితే, చేపలు దాచుకోవడానికని చెప్పాను. వాళ్ళు నమ్మలేదు; తప్పు ముడి వేసి కప్పిపుచ్చుకుంటున్నానన్నారు.

జీపు వచ్చింది. హారను కొట్టింది. మా వరస ఇంకా సగంలో ఉంది. పెద్దావిడ నా వైపు చూడలేదు గానీ, అడ్డదారం ఉండ మాత్రం నా చేతిలో పెట్టింది. జీపు రంగులు దించి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం చూసుకుంటే పొద్దుటి నుంచి నేను ఒక్కసారి కూడా లేచి నడవలేదు.

రెండో శీతాకాలం అయ్యాక ఏలూరు తిరిగి వచ్చాను. నడక మళ్ళీ మొదలైంది. ఉండబట్టలేక పెద్ద మగ్గం దుమ్ము దులిపి, మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గూడబాతుల నక్షా ఎత్తాను. మా వంశంలో ఆ బల్ల ఎక్కిన మొదటివాణ్ణి నేనే. "కాస్త జరగండీ, బల్లంతా మీదేనా" అనేది ఆవిడ. నలుగురి మగ్గం అది, ఇద్దరి చేతులతో ఎంతకని సాగుతుంది? ఒక పక్షి పూర్తయ్యేలోపే ఆవిడ కళ్ళు మసకబారాయి. మా వీధిలో ఇప్పుడు రంగు చదివే గొంతు లేదు. తలుపులు వేసుకుని ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు, నేను గట్టు మీద నడుస్తున్నాను. కొండ మీద ఆ బల్ల ఎవరితోనైనా నిండి ఉందో లేదో తెలియదు.

చివరికి మగ్గాలు మూడూ కలప అడితికి అమ్మేశాం. బల్ల ఇవ్వనన్నాను. అది లేకుండా మగ్గాలు తీసుకోం అన్నారు. అదీ అమ్మేశాం.