నస్రీన్ కాల్స్ ఎవరికి తెలుస్తున్నాయి?

2023 ఎండాకాలం. వైరా బస్టాండు ఎదుట నా మొబైల్ రిపేర్ షాపు, రోడ్డుకు అవతల ఖాదర్ చాచా టైలర్ షాపు. ఒక మధ్యాహ్నం చాచా చిన్న కూతురు నస్రీన్ గాభరాగా వచ్చింది.

"అన్నా, నా ఫోన్ ఎవరో చూస్తున్నరు. షాహీన్ అక్కతోని మాట్లాడిన రోజల్లా 'ఇయ్యాల ఎవరు చేసిండ్రు?' అని మా అబ్బా అడుగుతుండు. జర చూడన్నా."

షాహీన్ ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుని ఖమ్మంలో ఉంటోంది. ఆమెతో ఎవరూ మాట్లాడొద్దని చాచా ఒట్టు పెట్టాడు. అక్కాచెల్లెళ్లకు మిగిలింది ఇంటర్నెట్ కాల్ ఒక్కటే. అది బయటపడితే నస్రీన్ చేతిలో ఫోన్ ఉండదు.

స్పైవేర్, అంటే చాటుగా కనిపెట్టే యాప్, ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఫోన్ మొత్తం రీసెట్ చేసి పంపాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది. "మల్లా అడిగిండన్నా!"

నా బుర్ర వేడెక్కిపోయింది. ఎక్కడ తప్పుతోందో చూద్దామని నా ఫోన్ నుంచి అదే యాప్‌లో ఆమెకు కాల్ చేశాను. ఎత్తింది. రెండు మాటలు అయ్యాయో లేదో, రోడ్డు అవతలి నుంచి చాచా కేకేశాడు.

"ఏంది బేటా, ఫోన్ చేసినవ్? ఎత్తేలోపే బందయింది!"

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"చాచా ఫోన్ల మెయిల్ ఐడీ ఎవరిది?"

"నాదే పెట్టిన. ఆయనకేడుంది?"

మా దగ్గర చాలా ఇళ్లలో ఇంతే, ఇంటిల్లిపాదికీ ఒకటే అకౌంట్. ఆ యాప్‌లో కాల్ వస్తే, ఆ మెయిల్ అకౌంట్ ఉన్న ప్రతి ఫోనూ చేసినవాళ్ల ఫోటోతో సహా మోగుతుంది. నస్రీన్ ఫోన్ నుంచే చాచా ఫోన్‌ను లాగౌట్ చేశాను. పాపం, పిల్ల ఊపిరి పీల్చుకుంది. మరి అన్నీ తెలిసి కూడా చాచా ఫోన్ లాక్కోకుండా ఎందుకు ఊరుకున్నాడు?

నాలుగు రోజులకు చాచాయే ఫోన్ పట్టుకొచ్చాడు.

"ఖరాబైనట్టుంది బేటా. పొద్దుగూకినంక మోగుతలేదు."

"ఎవరి ఫోన్ రావాలె చాచా?"

"ఎవరిదో." స్క్రీన్‌ను బొటనవేలితో తుడిచాడు. "ఫోటువ వచ్చేది గద, మల్ల వచ్చేటట్టు చెయ్."

నిజం చెబితే బిడ్డ గుట్టు పోతుంది, బిడ్డతో అంటే తండ్రి గుట్టు పోతుంది. ఫోన్లోని గుట్టు కాపాడటమే నా పని అనుకునేవాణ్ణి. అది ఎవరి నుంచి, ఎందుకు అన్నది అంత తేలిక కాదని ఆ రోజే తెలిసింది.

"గా ఫోటువల ఉన్నోళ్లకు మీరే చెయ్యరాదా చాచా?" అన్నాను మెల్లగా.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నేను చేస్తే నా బిడ్డ ఎత్తుతదా?" అన్నాడు.