పట్నంల కల్లేది?

కోరుట్ల కూరగాయల మార్కెట్టులో మొగిలవ్వ నోటికి భయపడని మనిషి లేడు. వంకాయలు గిల్లి చూసేవాళ్ళ చెయ్యి మీద ఒక్కటి చరిచేది. భర్త పోయి చాలా ఏళ్ళయినా, ఆయన ఉన్నప్పటి అలవాటు ఒకటి మాత్రం వదులుకోలేదు. పొద్దుగూకే వేళకు గంప బోర్లించి, కాళ్ళు కడుక్కొని, కల్లు దుకాణానికి పోయి ఒక సీసా తాగేది. ఉడకబెట్టిన శనగ గుడాలు నములుతూ ఆనాటి బేరాలన్నీ పక్కవాళ్ళతో చెప్పుకొని, ఆ తర్వాతే ఇంటికి వెళ్ళి వండుకునేది. దానికి సిగ్గుపడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు.

తెలంగాణ ఉద్యమం వచ్చాక ఆ నోరు ఊరికి పనికొచ్చింది. రాస్తారోకోలో లారీకి అడ్డంగా కూర్చున్నది. సకల జనుల సమ్మెలో నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వందల మందికి వండింది. రెండువేల పన్నెండు సెప్టెంబరులో హైదరాబాదులో సాగర తీరాన కవాతు అన్నారు. పోలీసులు బస్సులు ఆపుతారని విని, నాలుగు రోజుల ముందే బయలుదేరింది. తోడు గాజులమ్మే జోహరా బీ. జోహరా కల్లు వాసన తగిలితేనే కొంగు అడ్డం పెట్టుకుంటుంది, కానీ మొగిలవ్వ వెంట ఎక్కడికైనా పోతుంది. జగిత్యాల దాటాక బస్సు ఆపి పోలీసు ఎక్కడికని అడిగితే, "మా అక్క కొడుక్కు బిడ్డ పుట్టింది, సూసొస్తం" అని ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు.

ఆ అక్క కొడుకు ప్రకాశ్‌కు అప్పటికి పెళ్ళే కాలేదు. సిరిసిల్లలో సాంచెల మీద నేత పని మానేసి, అంబర్‌పేటలో ఒక గది తీసుకొని, ఫోన్లు బాగుచేస్తున్నాడు. బస్సులో నడుము విరిగి దిగిన మొగిలవ్వ మంచినీళ్ళయినా తాగకుండా అడిగింది.

"కల్లు దుకాణం యాడుందిరా?"

"పట్నంల కల్లు లేదు చిన్నమ్మా. దుకాణాలు బంద్ జేసి ఎనిమిదేండ్లాయె."

"గింత పెద్ద పట్నంల కల్లు లేదా? పరాచికాలాడుతున్నవా?"

ప్రకాశ్ ఒట్టేసినా ఆమె నమ్మలేదు. మర్నాడు తానే వెతుకుతానని జోహరాను తీసుకొని బయలుదేరింది. పాన్‌డబ్బా అతను నవ్వాడు. ఆటో అతను భువనగిరి దాకా పోవాలన్నాడు. ఒక పెద్దమనిషి తల నుంచి కాళ్ళ దాకా చూసి, బస్తీ వెనక ఎవరో దొంగచాటుగా అమ్ముతారని గొంతు తగ్గించి చెప్పాడు. మొగిలవ్వకు ఒళ్ళు మండింది.

"కల్లు తాగుతందుకు నేను దొంగతనంగ పోవాల్నా? నేనేం తప్పు జేసిన?"

ఎండకు జోహరా ఒక అరుగు మీద కూలబడింది. "మొగిలక్కా, ఒక్క దినం తాగకుంటే జాన్ పోతదా? జర ఇంటికి పోదాం పా."

"పోను. తాగుడు గాదే జోహరా. ఎందుకు లేదో నాకు తెల్వాలె."

వీళ్ళ గొడవ పడలేక ప్రకాశ్ ఇద్దరినీ ఒక బారుకు తీసుకుపోయాడు. గుమ్మం దగ్గర కాపలావాడు ఆడవాళ్ళని చూసి, ఫ్యామిలీ సెక్షన్ మేడమీద అన్నాడు. పట్టపగలే అక్కడ చీకటి. మనిషి ముఖం మనిషికి కనబడదు. ఏసీ చలికి జోహరా బుర్ఖా గట్టిగా చుట్టుకుంది. మొగిలవ్వ తనకు అలవాటైనట్టు కాళ్ళు పైకి పెట్టుకొని కుర్చీలో బాసింపట్టు వేసింది.

"ఒక సీస కల్లు, గిన్ని గుడాలు తే కొడుకా" అన్నది సర్వరుతో.

ఆ సర్వరు పేరు ఆనందం. నవ్వబోయి ఆగాడు. "అవ్వా, మీదే ఊరు?" అని అడిగాడు. కోరుట్ల అనగానే అతని మొహం విప్పారింది. తనది ఆ దిక్కునే ఉన్న వీర్నపల్లి. తండ్రి తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి. పట్నానికి వచ్చి మరొకరితో కలిసి కల్లు దుకాణం నడిపాడు.

"పట్నం చుట్టుపక్కల తాళ్ళు లేవని సర్కారు బంద్ జేసినంక మా నాయిన మల్ల మోకు పట్టుకొని తాళ్ళెక్కుతందుకు ఊరికి పోయిండు. నేను గీడ బీర్లు మోస్తున్న."

మొగిలవ్వ అతని మీద జాలితో బీరు తెమ్మన్నది. రెండు గుక్కలు తాగి మొహం చిట్లించింది. "థూ, గిదేందిరా, వేపాకు రసం లెక్కున్నది! గిది తాగుతందుకు గింత చీకటెందుకు?"

పక్క బల్ల దగ్గరి కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఆ చప్పుడుకు మేనేజరు వచ్చాడు.

"ఏమ్మా, కాళ్ళు కిందికి దించండి. ఇదేమన్నా కల్లు దుకాణం అనుకున్నారా?"

"కాదని నాకెర్కే. గదే గదా నా బాధ!"

ప్రకాశ్ తల పట్టుకున్నాడు. ఈసారి ఆనందం నవ్వు ఆపుకోలేకపోయాడు. మేనేజరు అతన్ని కసిరి కిందికి పంపేశాడు. జోహరా మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా పల్లీలన్నీ తినేసి, సోడా చివరి చుక్కదాకా తాగింది.

కవాతు రోజు నెక్లెస్ రోడ్డు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఆనందం డ్యూటీ ఎగ్గొట్టి వీళ్ళను వెతుక్కుంటూ వచ్చాడు. అందరూ జై తెలంగాణ అంటుంటే, మొగిలవ్వ మధ్యలో గొంతెత్తి, "పట్నంల కల్లు దుకాణాలు తెరువాలె!" అని అరిచింది. జోహరా సిగ్గుతో ఆమె కొంగు గుంజింది. పక్కనున్నవాళ్ళు మొదట నవ్వారు. కానీ ఆనందం గట్టిగా "తెరువాలె!" అన్నాడు. అతని గొంతులో నవ్వు లేదు. ఆ వెనక ఇంకో పదిమంది అందుకున్నారు. అంతలో బాష్పవాయువు గోళాలు పడ్డాయి, వెంటనే వాన మొదలైంది. మండే కళ్ళతో ముగ్గురూ చేతులు పట్టుకొని పరుగెత్తారు. దారిపొడుగునా మొగిలవ్వ పోలీసులను, వానను, బీరును కలిపి తిడుతూనే ఉంది.

రాష్ట్రం వచ్చిన ఏడాదే పట్నంలో దుకాణాలు మళ్ళీ తెరిచారు. ఆనందం బారు పని మానేసి ఒకదాంట్లో చేరాడు. "అవ్వా, నువ్వు రావాలె" అని ఫోన్ చేస్తే, మొగిలవ్వ జోహరాను వెంటేసుకొని వెళ్ళింది. రేకుల షెడ్డు, బెంచీలు, మంచి వెలుతురు. ఆమె కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చున్నా ఎవరూ ఏమీ అనలేదు.

ఒక గుక్క తాగి సీసా కింద పెట్టింది. ఆనందం ఆత్రంగా చూశాడు.

"ఎట్లున్నదవ్వా?"

"పులిసిపోయింది. యాన్నుంచి తెస్తుండ్రురా, ఢిల్లీ నుంచా? గీ పులుపు కోసమా నేను పొగల పడి ఉరికింది?"

"దూరం నుంచి లారీల వస్తదవ్వా. మా నాయిన గూడ గదే మాటన్నడు."

"మీ నాయినకైన తెలివున్నది" అని, తిట్టుకుంటూనే సీసా ఖాళీ చేసి ఇంకొకటి తెమ్మన్నది. బస్సుకు ఆలస్యమవుతుందని జోహరా గొణుగుతుంటే, ఆమెను కూర్చోమని బెంచీ మీద కొంచెం జరిగింది.