చినార్ల నీళ్లు, మల్బరీ కింద టీ

పార్కుకు నీళ్లు పెట్టే యంత్రం వచ్చాక మొదటి శుక్రవారం, సాయంత్రం నాలుగూ పదికి, రిటైర్డ్ రిజిస్ట్రారు బహాదరీ గారి కుటుంబం పరుచుకున్న తివాచీ అంచున గడ్డిలోంచి నీళ్లు చిమ్మే గొట్టం ఒకటి జానెడు పైకి లేచి, తొమ్మిది మందికీ పక్షపాతం లేకుండా స్నానం చేయించింది. అన్నం గిన్నెకు మూత ఉంది కాబట్టి దానికేమీ కాలేదు. బహాదరీ గారి భార్య ఒకసారి ఆకాశం వైపు చూసింది. కెర్మాన్‌లో జూన్ నెలలో అటు చూసి లాభం లేదని గుర్తొచ్చి, తర్వాత తోటమాలి వైపు చూసింది.

తోటమాలి మష్ ఖుదాదాద్ కదలలేదు. కదిలి చేసేదేమీ లేదు. ఇరవై ఆరేళ్లు అతని కుడి జేబులో ఉన్న వాల్వు తాళంచెవిని మున్సిపాలిటీ వాళ్లు ఆ వారమే పట్టుకుపోయారు. ఇప్పుడా జేబులో చక్కెర బిళ్లలు వేసుకుంటున్నాడు.

"మష్ ఖుదాదాద్, ఇదేం మర్యాదయ్యా?" అన్నారు బహాదరీ గారు, మీసాలు పిండుకుంటూ.

"నాది కాదండీ. నేనైతే చెప్పి తడిపేవాణ్ని."

బహాదరీ గారు మున్సిపాలిటీకి చేసిన ఫిర్యాదుతో నీళ్ల వేళ తెల్లవారుజాముకి మారింది. దాంతోపాటు కొత్త నియమం వచ్చింది. నేల తడిగా ఉంటే ఆ రోజుకి నీళ్లుండవు. తడి సంగతి చెప్పడానికి పార్కంతటికీ మట్టిలో ఒకే సెన్సర్ పాతారు. పాతింది శనివారం. ఖుదాదాద్‌కు సెలవు ఆ రోజే. అది ఎక్కడుందో అతనికెవరూ చెప్పలేదు, అతనూ పంతానికి అడగలేదు.

నీళ్ల లెక్క అతనికి తండ్రి నుంచి వచ్చింది. ఆయన ఊళ్లో పొలాలకు నీటి వంతులు చూసేవాడు. నీళ్ల తొట్టిలో చిల్లుపెట్టిన రాగిగిన్నె వదిలేవాడు. గిన్నె నిండి మునిగితే ఒక వంతు అయిపోయినట్టు. ఆ లెక్క మీద ఊళ్లో ఎవరూ నోరెత్తలేదు.

ఖుదాదాద్ బెంగంతా పడమటి గోడ వెంట ఉన్న పన్నెండు చినార్ మొక్కల మీదే. రెండేళ్ల కిందట తన చేతులతో నాటినవి. జూలై సగానికి వాటి ఆకులు అంచుల నుంచి కాగితంలా మాడిపోవడం మొదలుపెట్టాయి. పార్కు మొత్తంలో పచ్చగా మిగిలింది, గొట్టాల నీళ్లే అందని మల్బరీ చెట్టు కింద చాపంత గడ్డి ఒక్కటే. అతను ఫిర్యాదు పుస్తకంలో రాశాడు: "చినార్లకు ఆదివారం తప్ప నీళ్లు రావడం లేదు." ఆఫీసు జవాబు: "నేల తడిగా ఉంది." మళ్లీ రాశాడు: "నాకు వారానికి ఒక రోజు సెలవు. యంత్రానికి ఆరు." జవాబు: "నేల తడిగా ఉంది." మూడోసారి రాశాడు: "యంత్రం అబద్ధమాడుతోంది."

దీనికి జవాబు రాలేదు, ఉత్తర్వు వచ్చింది. బుధవారం ఇంజనీరు వచ్చి చూస్తారు. మొక్కలు ఈ నేలకు పనికిరావని తేలితే పీకేసి కంకర పోస్తారు.

బుధవారం వచ్చిన ఇంజనీరు ఫరంగీస్‌కు అతని కూతురి వయసుంటుంది. చినార్ల దగ్గర మట్టి గిల్లి చూసింది. పిండిలా రాలింది. ఫోను చూసుకుంది. నుదురు ముడిపడింది.

"బాబాయ్ గారూ, మట్టేమో పొడి. సెన్సరేమో బురద అంటోంది."

"నేను రాసిందీ అదేగా అమ్మా. మా నాన్న గిన్నె ఒక్కనాడు అబద్ధమాడలేదు. ముందు నీడకి రండి, టీ తాగుదురుగాని."

"వద్దండీ, మీకు శ్రమ."

"శ్రమేముంది?"

"నిజంగా వద్దు."

"నా మీద ఒట్టు."

మల్బరీ కింద కూర్చున్నారు. కెటిల్ అప్పటికే మరుగుతోంది. ఖుదాదాద్ గ్లాసులో వేడినీళ్లు పోసి గిర్రున తిప్పాడు. నేలలో ఉండే జిన్నులు ఒళ్లు కాల్చుకోకుండా తప్పుకోవాలి కదా, "బిస్మిల్లా" అని హెచ్చరించి, పక్కనున్న పచ్చగడ్డిలోకి ఒంపాడు. రెండో గ్లాసుకీ అంతే.

ఫరంగీస్ గ్లాసు అందుకోలేదు. ముందుకు వంగి గడ్డి పాయ తీసి చూసింది. బొత్తామంత ఆకుపచ్చ సెన్సర్ మూత కనిపించింది. పాతడానికి వచ్చిన కాంట్రాక్టరు కూలీలూ మనుషులే. ఎండలో కాక నీడలో తవ్వారు.

ఆమె ఫోను అతని వైపు తిప్పింది. నేల తడి చూపే గీత ఒంటె వీపులా లేచి లేచి పడుతోంది.

"రోజుకి నాలుగు మూపురాలు బాబాయ్. ఆఖరిది పొద్దుగూకే ముందు, అన్నిటికంటే పెద్దది."

"ఇంటికెళ్లేముందు కెటిల్ ఒంపేస్తాను," అన్నాడు ఖుదాదాద్ మెల్లగా.

"శనివారం ఒక్కటీ లేదు. అందుకే ఆదివారం చినార్లకు నీళ్లొస్తున్నాయి."

అతను గీత మీద వేలు పెట్టి మూపురాలు లెక్కపెట్టాడు. పన్నెండు మొక్కల దాహం తన చేతి మీదుగానే జరిగిందన్నమాట.

"ఐదుండాలమ్మా. మధ్యాహ్నం నమాజు తర్వాత చిన్న గ్లాసు ఒకటి."

ఆమె వేళ్లతో బొమ్మ పెద్దది చేసింది. ఐదోది ఉంది.

"మా నాన్న గిన్నె..." అని మొదలుపెట్టాడు.

"మీ నాన్నగారి గిన్నెలో ఎవరూ టీ పోయలేదు," అంది ఫరంగీస్. అప్పుడు గ్లాసు అందుకుంది.

ఫిర్యాదు పుస్తకంలో ఆమె ఒకటే వాక్యం రాసింది: "సెన్సర్ పెట్టిన చోటు తప్పు, మార్చాము, మొక్కలు ఉంచవచ్చు." టీ ప్రస్తావన లేదు. ఆ సాయంత్రమే సెన్సర్ చినార్ల మధ్యకు, ఎండలోకి వెళ్లింది. గురువారం తెల్లవారుజామున ఖుదాదాద్ పనివేళకు గంట ముందే వచ్చి, గొట్టాలు లేచి పన్నెండింటినీ తడపడం నిలబడి చూశాడు. ఎవరూ చూడకుండా ఒక్కో మొక్కనూ లెక్క కూడా పెట్టుకున్నాడు.

మల్బరీ కింద ఇప్పుడు ఏమి ఒంపినా అడిగేవాళ్లు లేరు. అయినా ఆ గీత అతని కళ్లలోంచి పోలేదు. కెటిల్ పట్టుకుని గేటు దాటి, వీధి కాలువలో ఒంపి వస్తున్నాడు.

సెప్టెంబరు మొదటి శుక్రవారం చినార్లు కొత్త ఆకు తొడిగి ఉన్నాయి. బహాదరీ గారు తివాచీ చంకన పెట్టుకుని మల్బరీ కింద నిలబడి కేకేశారు.

"మష్ ఖుదాదాద్! పార్కంతా పచ్చగా ఉంది, మేం కూర్చుందామన్న చోటు గడ్డి మాత్రం ఎండిపోయిందేమయ్యా?"

"అది టీ మానేసిందండీ."