నా తలను మిషన్ ఊపింది!

మెడ గుంజే ట్రాక్షన్ మిషన్‌కు కట్టేసిన మనిషి తల ఊపితే, అది ఒప్పుకున్నట్టా? హాస్టల్ పిల్లలూ, మీరే చెప్పుండ్రి! నా రూమ్మేట్ రజిత నిన్నటిసంది నా ముఖం చూస్తలేదంటే, చిక్కడపల్లిల నేను చేసొచ్చిన ఘనకార్యమే కారణం.

వాళ్ల బాపు ఊర్లకెల్లి దిగిండు. కోచింగ్ చాలట, ఇంటికి తోల్కపోతడట. పరీక్ష నెత్తిమీద పెట్టుకొని!

"అక్కా, బాపు ముంగట నాకు నోరు లేవదు. నువ్వే మాట్లాడు," అని ఏడ్చింది రజిత.

మాట్లాడుడా? కాలేజీ డిబేట్లల్ల మైకు గుంజుకుంటేగాని ఆగనిదాన్ని! ప్లాన్ గూడ వేసిన. ఆయనకు మోకాలు నొప్పి, నాకు పుస్తకాల మీద వంగి వంగి మెడ నొప్పి. నేను పోయే చిక్కడపల్లి ఫిజియోథెరపీ క్లినిక్‌కే తీస్కపోయిన. మోకాలికి కరెంటు పెట్టినంక ఎటు లేచిపోతడు? నేను చెప్పేదంతా వినాల్సిందే!

ఆయనకు కరెంటు పెట్టిండ్రు. నేను గొంతు సవరించుకున్న. అంతల్నే ఫిజియో అన్న నన్ను పక్క కుర్చీల కూసోవెట్టి, గదవ కింద బెల్టు బిగించి, దాని తాడును మీదున్న మిషన్‌కు తగిలించిండు. "మాట్లాడొద్దు, బెల్టు ముట్టొద్దు" అని చాయ్‌కి పోయిండు. మిషన్ ఆపే స్విచ్చి నా చేతిల ఉండాలె గద? గోడకున్న మొలకు వేలాడుతున్నది!

సరిగ్గా అప్పుడే అడిగిండు పెద్దమనిషి. "ఆడపిల్ల ఇంకెన్నేండ్లు సదువుతది బిడ్డా? ఇంటికి తోల్కపోవుడే మంచిది గద?"

"మ్మ్! మ్మ్మ్మ్!"

మిషన్ గుంజింది, తల మీదికి. వదిలింది, తల కిందికి. మల్ల మీదికి, మల్ల కిందికి.

"అగో! నువ్వు సుత అదే అంటున్నవు!"

వద్దు వద్దని రెండు చేతులు ఊపిన.

"అవ్ బిడ్డా, వద్దే వద్దు ఈ కోచింగ్!" అని అక్కడికక్కడే రజితకు ఫోన్ కొట్టిండు. "మీ అక్కనే తోల్కపొమ్మంటున్నది!"

కోపంతోని ఒళ్లంత మండుతున్నది, తల మాత్రం మర్యాదగ ఊగుతనే ఉన్నది!

బెల్టు విప్పంగనే, నేనట్ల అనలేదని ఆయన మీద పడ్డ. క్లినిక్ దద్దరిల్లింది. ఆయన నింపాదిగ నవ్విండు. "సోపతిదాని కోసం ఇట్ల అంటున్నవు తియ్. ఇందాక మనసుల మాట చెప్పినవు."

స్విచ్చి ఎందుకియ్యలేదని ఫిజియో అన్నను నిలదీస్తే, "ఎవ్వరూ అడగరమ్మా" అన్నడు!

రేపు పొద్దున బస్సుకు పోతున్నరు. ఇప్పుడాయన కింద హాస్టల్ గేటు కాడ కూసున్నడు. నా మాట ఇగ నమ్మడు. అందుకే అడుగుతున్న, ఇప్పుడే లేవుండ్రి, పరీక్ష దాంకనన్న రజితను ఉండనియ్యమని ఆయనకు చెప్పుండ్రి. మెడలు మంచిగున్నోళ్లే పోండ్రి!