టీకా పొక్కని చెయ్యి

మా ఆయన బర్మాలో, మేము రంగం అనే రంగూనులో, ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరిన రెండో ఏడు నన్ను కాపురానికి రమ్మని ఉత్తరం రాశాడు. మన్యంలో పితూరీ సద్దుమణిగి, పోలీసు పటాలాలు కిందికి దిగిపోయిన రోజులవి. పాడేరు సంతకి మళ్ళీ జనం వస్తున్నారు. సంత పక్కనే మా నాన్నకి ఉప్పు, పొగాకు, ముతక బట్టల కొట్టు ఉండేది. మా వాళ్ళది చోడవరం వైపు. నాన్న కుర్రతనంలోనే కొండెక్కి ఇక్కడ వ్యాపారం పెట్టాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పెళ్ళయ్యాక కూడా నేను కొట్టు వెనక ఇంట్లోనే ఉండి నాన్నకి వండిపెడుతూ, ఎప్పుడో ఒకప్పుడు సముద్రం దాటి వెళ్ళాలని అనుకుంటూ ఉండేదాన్ని.

అప్పట్లో ఆడవాళ్ళు రంగం వెళ్ళడమే తక్కువ, ఒంటరిగా వెళ్ళడం అసలే లేదు. నాన్నకి ఉబ్బసం. రేవు దాకా రాగలడు కాని ఓడెక్కలేడు. నాకు తోడెవరా అని వెతుకుతుంటే తోడు మా కొట్టు అరుగు మీదే దొరికింది. ఆమె కొండదొరల తెగ మనిషి. ప్రతి సంతకీ పిప్పళ్ళూ, చింతపండూ తెచ్చి మా దగ్గర ఉప్పు పట్టుకెళ్ళేది. ఆమె మొగుడు మాకు ఘాటీ కొండదారిన కావిళ్ళలో సరుకు మోసేవాడు. కూలీల్ని ఓడెక్కించే ఒక మేస్త్రీ వెంట రంగం వెళ్ళిపోతే, మా ఆయనే తన మిల్లులో పని చూపించాడు. పెళ్ళాన్ని కూడా పంపమని అతను మా ఆయన ఉత్తరంలోనే రాయించాడు.

ఆమె నాకంటే బాగా పెద్దది. నేను అప్పా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను సావుకారమ్మా అనేది. ముఖం నిండా స్ఫోటకపు మచ్చలు. వాళ్ళ ఊళ్ళో అమ్మవారు పోసిన ఏడాది ఆమె బతికింది, ఇద్దరు పిల్లలూ పోయారు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు, వాళ్ళ ఊరివాళ్ళు చెప్తే నాన్నకి తెలిసింది.

రంగం వెళ్ళొచ్చిన వాళ్ళని నాన్న అడిగి తెలుసుకున్నాడు. రేవు దగ్గర షెడ్డులో డాక్టరు నాలుక చూస్తాడు, కింది రెప్ప లాగి కన్ను చూస్తాడు, నాడి పట్టుకుంటాడు, అంతే, పడవెక్కొచ్చు అన్నారు. మేము ధైర్యంగా బయల్దేరాం. మాడుగుల దాకా ఘాటీ నడిచి దిగి, అక్కణ్ణుంచి బండి మీద అనకాపల్లి, తరవాత రైలు. అప్ప రైలు ఎక్కడం అదే మొదలు. దారి పొడుగునా కిటికీ కమ్మీ పట్టుకునే కూర్చుంది.

విశాఖపట్నం రేవులో వందల మంది ఇసుకలో కూర్చుని ఉన్నారు. స్టీమరు దూరంగా నీళ్ళలో ఆగి ఉంది. ఆడవాళ్ళకి వేరే వరస. మా వంతు వచ్చేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. డాక్టరు మా నాలుకలు చూడలేదు. జాకెట్టు చెయ్యి పైకి తియ్యమన్నాడు. కొత్తగా హుకుం వచ్చిందట, టీకా మచ్చ లేనివాళ్ళని ఎక్కించకూడదట. అప్ప ముఖం చూసి, అమ్మవారు పోసినవాళ్ళకి టీకా అక్కర్లేదు, నువ్వు పద అన్నాడు. నా చెయ్యి నున్నగా ఉంది. టీకా వేయించుకుంటే అమ్మవారికి కోపం వస్తుందని మా అమ్మ భయపడేదట. వేయించుకుని, పుండు మాని మచ్చ పడ్డాక రమ్మన్నాడు.

నాన్న అప్పని వెళ్ళమన్నాడు. ఆమె మూట దించలేదు, వరస నుంచి కదలనూ లేదు.

"నానొక్కదాన్నీ ఎల్లి ఏటి సేత్తాను? ఆ నీళ్ళ మీద నాకెవులు తెలుసు?" అంది.

ముగ్గురం వెనక్కి వచ్చాం. దిగేటప్పుడు తెలియని ఘాటీ ఎక్కేటప్పుడు తెలిసింది. నాన్న ప్రతి మలుపులోనూ కూర్చునేవాడు. ఎందుకు వచ్చేశారని దారిలో అడిగిన వాళ్ళందరికీ అదే సమాధానం చెప్పి చెప్పి, చివరికి పాడేరు దగ్గర పడేసరికి ఆయన ఊరికే చెయ్యి ఊపి ఊరుకున్నాడు.

టీకాలాయన సంతరోజుల్లో వచ్చేవాడు. ఆయన పెట్టె కనబడితే చాలు, కొండవాళ్ళు బుట్టలు అక్కడే వదిలేసి చెట్లల్లోకి పోయేవారు. నేను వెళ్ళి చెయ్యి చాపితే ఆయనే ఆశ్చర్యపోయాడు. నాకు టీకా బాగా పొక్కింది. భుజం నుంచి మోచేతి దాకా వాచి, జ్వరం వచ్చి, చీము పట్టి మానింది. పెద్ద మచ్చ పడింది. నాన్న దాన్ని చూసి తృప్తిగా, ఇంక ఎవడూ ఆపలేడు అన్నాడు.

వానలు వెళ్ళాక రెండోసారి దిగాం. ఈసారి షెడ్డు పెద్దదయింది, దడులు కట్టారు. ముందుగా మూటలన్నీ లాక్కుని ఆవిరి పెట్టెలో పెట్టారు. రోగాల పురుగులు చస్తాయట. అప్ప దారిబత్తేనికి చోళ్ళపిండి తెచ్చుకుంది. మూట చేతికొచ్చేసరికి అది తడిసి ముద్దయి ఉంది. ఆమె గుడ్డ విప్పి చూసి, మళ్ళీ కట్టేసింది.

డాక్టరు కూడా మారాడు. నా మచ్చ చూసి తలూపాడు. అప్ప చెయ్యి చూసి ఆగమన్నాడు. ఈమెకి అమ్మవారు పోసిందండీ, పోయినసారి డాక్టరుగారు అక్కర్లేదన్నారు అని నాన్న చెప్పాడు. అది పాత రూలు అన్నాడు డాక్టరు. ఇప్పుడు ముఖం మీద మచ్చలున్నా సరే, చేతి మీద టీకా మచ్చ కూడా ఉండి తీరాలని అవతలి రేవు నుంచి రాశారట. లేకపోతే అక్కడ దింపకుండా అదే ఓడలో తిప్పి పంపేస్తున్నారట.

ఇప్పుడు నేను వెళ్ళొచ్చు, ఆమె వెళ్ళకూడదు. నన్ను ఒక్కదాన్నీ ఎక్కించడానికి నాన్నకి మనసొప్పలేదు. నాకూ ఒప్పలేదు. కిందటిసారి ఆమె నాకోసం ఆగింది కాబట్టి అని చెప్పుకోవచ్చు. నిజానికి నాకు ఆ పడవల్ని చూస్తేనే భయం వేసింది. మళ్ళీ రైలు, మళ్ళీ బండి, మళ్ళీ ఘాటీ.

ఆ చలికాలమంతా అప్ప టీకా కోసం తిరిగింది. టీకాలాయన వేశాడు. వారం గడిచినా చేతి మీద గీతలు తప్ప ఏమీ లేదు. మళ్ళీ వేశాడు. అదీ పొక్కలేదు. రెండో చేతికి కూడా వేశాడు. ఆమె ప్రతి సంతకీ వాళ్ళ ఊరి నుంచి దిగి, మా అరుగు మీద కూర్చుని, చీర చెంగు తొలగించి చెయ్యి నాకు చూపించేది. ఎక్కడైనా ఎర్రబడిందేమోనని ఇద్దరం వంగి చూసేవాళ్ళం. నున్నటి నల్లటి చర్మం.

ఒకసారి అమ్మవారు పోస్తే ఆ ఒంటికి టీకా ఎక్కదు అన్నాడు టీకాలాయన. నేనేం చేసేది తల్లీ అన్నాడు.

"అమ్మోరు నా ముకం మీద ఏసిన మచ్చ సాలదేటి ఆలకి?" అంది అప్ప. ఆ మాట కోపంగా అనలేదు. పొద్దున్న నుంచి నడిచి వచ్చిన మనిషి నీళ్ళడిగినట్టు అంది. టీకాలాయన తన పెట్టె సర్దుకున్నాడు.

చివరికి ఆయనే ఒక దారి చూపించాడు. ఈమెకి మూడుసార్లు టీకా వేశాను, పొక్కలేదు, అమ్మవారు వచ్చి పోయిన మనిషి అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాడు. తహసీల్దారు కచేరీలో ముద్ర వేయించుకోమన్నాడు. దానికోసం నాన్న కచేరీ చుట్టూ తిరిగాడు. ఒకరోజు ముద్ర ఉంటే గుమాస్తా లేడు, ఇంకోరోజు గుమాస్తా ఉంటే ముద్ర తహసీల్దారుతో పాటు క్యాంపుకి పోయింది. ఎలాగైతేనేం, ముద్ర పడింది.

ఈ లోపల నాకు మన్యం జ్వరం పట్టుకుంది. కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళకి అది వింత కాదు. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం వేళకి వణుకు మొదలయ్యేది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్ళు కొట్టుకునేవి. తరవాత ఒళ్ళు కాలిపోయేది, చెమట పట్టి దిగేది. పోస్టాఫీసులో అమ్మే క్వినైను పొట్లాలు నాన్న తెచ్చి మింగించేవాడు. చెవుల్లో ఎప్పుడూ గుయ్యిమని చప్పుడు. అయినా తేదీ కుదిరింది, మేస్త్రీ కబురు పంపాడు, ఈసారి తప్పితే మళ్ళీ వానలు. బయల్దేరాం.

ఘాటీ సగం నేను డోలీలో దిగాను. అప్ప డోలీ పక్కనే నడిచింది. జ్వరం రాని రోజున రేవు చేరాలని నాన్న లెక్క వేసుకున్నాడు. కాని స్టీమరు ఒకరోజు ఆలస్యంగా వచ్చింది.

షెడ్డులో మొదటిసారి చూసిన డాక్టరే ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. అప్ప ఇచ్చిన కాయితం మొదటి నుంచి చివరి దాకా చదివి, మంచిది, ఇది చెల్లుతుంది అన్నాడు. పోయిన నెల నుంచి మచ్చ చూడటం లేదట, కాయితమే చూస్తున్నారట. నా మచ్చ ఎవరికీ అక్కర్లేదు. టీకాలాయన నాకూ ఒక కాయితం రాసిచ్చాడు కనక అదీ సరిపోయింది. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఒక గాజు పుల్ల నా నాలుక కింద పెట్టాడు.

దాన్ని తీసి వెలుతురుకి పట్టి చూసి, నన్ను బల్ల మీద పడుకోమని ఎడమ డొక్క నొక్కి చూశాడు.

"ఇది మన్యం జ్వరమండీ. అంటు జ్వరం కాదు. తమకి తెలియనిదేముంది," అన్నాడు నాన్న.

"తెలుసు. పై నుంచి వచ్చేవాళ్ళందరికీ ఉండేదే. కాని ఏ జ్వరమైనా సరే, ఎక్కించొద్దని ఆర్డరు. నేను పంపినా ఓడలో డాక్టరు మళ్ళీ చూస్తాడు, దింపేస్తాడు," అన్నాడు డాక్టరు. ఆ మాటలు అంటూనే వరసలో నా వెనకనున్న ఇంకో ఆడమనిషిని రమ్మని చెయ్యి ఊపాడు. ఆయన తప్పేమీ లేదు. పొద్దుటి నుంచి ఎంతమందికి అదే చెప్పి ఉంటాడో.

దడి అవతల నా మూట మీద నేను కూర్చున్నాను. వణుకు మొదలవుతోంది. మేస్త్రీ మనుషులు పడవల దగ్గర కేకలు వేస్తున్నారు. అప్ప వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది.

"నివ్వు రాకపోతే నానూ ఎల్లను," అంది.

"ఎల్లు అప్పా. కొండెక్కి మళ్ళీ దిగీ ఓపిక నీకుందేటి? నాకైతే నేదు. ఈసారి ఒచ్చినప్పటికి ఇంకేటి అడుగుతారో."

ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి తీసింది.

"మీ ఆయనకి ఏటి సెప్పమంటావు?"

"జొరమని సెప్పు."

"తగ్గితే వత్తావా?"

"తెలీదు అప్పా. బేగి ఎల్లు, పడవ పోతాది."

ఆమె లేచింది. నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టింది. మూట నెత్తిన పెట్టుకుని, కాయితం నోట కరుచుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని నీళ్ళలోకి నడిచింది. కొండవాగు దాటే మనిషిలాగే నడిచింది. పడవవాళ్ళు చేతులు పట్టి పైకి లాగారు. ఆమె వెనక్కి చూసిందో లేదో నాకు తెలీదు. నాన్న పైపంచె కప్పుకుని ఇసుకలోనే పడుకున్నాను. లేచేసరికి స్టీమరు లేదు.

ఆ తరవాత నేను రంగం ప్రయాణం ఊసెత్తలేదు, నాన్న కూడా అడగలేదు. మా ఆయన ఉత్తరాలు మొదట్లో కోపంగా, తరవాత పొడిగా వచ్చాయి. మరుసటి ఏడాది వేసవిలో ఆయనే మిల్లు పని మానేసి, గొడుగేసుకుని ఘాటీ ఎక్కి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటూ, అక్కడి నీళ్ళు నాకూ పడలేదులే అన్నాడు. నాన్న కొట్టు ఆయన చేతికి వచ్చింది. నా జ్వరం వస్తూ పోతూ చాలా ఏళ్ళు ఉంది.

అప్ప గురించి ఆయన కొంచెం చెప్పాడు. మిల్లు పెరట్లో తవుడు చెరిగే పని దొరికిందట. మొగుడూ తనూ వరస గదుల్లో ఒక గదిలో ఉంటున్నారట. అక్కడి మాటలు నాలుగు నేర్చేసుకుందట.

కొన్నేళ్ళకి ఒక సంతరోజున ఆమె మా అరుగు ముందు నిలబడింది. చంకలో ఒక గుంట, పసి ఆడపిల్ల. నేను వెంటనే గుర్తుపట్టలేదు, ముఖం అంత పీక్కుపోయింది. మొగుడు సామాను మోసుకుని ముందే ఊరికి పోయాడట. నన్ను చూసి పోదామని తను ఆగిందట. లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టాను. తింటూ చెప్పింది, తిరిగొచ్చేటప్పుడు కూడా ఆపారట. రంగంలో ప్లేగు ఉందని ఇక్కడి రేవులో దింపి, దడుల్లో పెట్టి, రోజూ చంకలూ గజ్జలూ తడిమి చూశారట. గుంటకి పళ్ళొస్తూ ఒళ్ళు వెచ్చబడితే, దాన్ని వేరే షెడ్డుకి తీసుకుపోతామన్నారట. ఆమె పిల్లని వదలకుండా తనూ వెళ్ళి అక్కడే కూర్చుందట. అక్కడ ఎన్నాళ్ళు ఉంచారో ఆమెకి లెక్క తెలీదు.

"ఎల్లినా అదే, ఒచ్చినా అదే, సావుకారమ్మా," అంది.

గుంట భుజం మీద టీకా మచ్చ ఉంది. రంగంలో పుట్టగానే వేశారట, బాగా పొక్కిందట. నేను దాన్ని వేలితో తడిమి చూశాను. పిల్ల నా చెయ్యి తోసేసింది.

అన్నం తిన్నాక అప్ప కాసేపు నడుం వాలుస్తానంది. వెనక వసారాలో చాప వేశాను. పిల్లని పక్కన వేసుకుని పడుకున్నది పడుకున్నట్టే నిద్రపోయింది. ఎండ తగ్గితే లేపమని చెప్పింది, కొండ మీద ఊరు చేరాలి కదా. ఎండ తగ్గింది. సంత కూడా ఎత్తేశారు. గుంట లేచి ఆడుకుంటుంటే నేను ఎత్తుకుని దూరంగా తీసుకుపోయాను. ఆమెని మాత్రం లేపలేదు.